ట్రెజర్ ఐలాండ్ (1920) మూకీ: అమ్మాయి జిమ్ వేషం కట్టిన సినిమా ఎక్కడైనా చూడొచ్చా?

ఏటిగట్టు అమ్మమ్మ

అందరికీ నమస్కారం. ఈ వేసవి సెలవులకి మా మనవరాలు వచ్చింది. తొమ్మిదేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవటం అంతంతమాత్రం. నా పాత పెట్టెలోంచి నండూరి రామమోహనరావు గారి 'కాంచన ద్వీపం' తీసి రోజూ రాత్రి ఒక అధ్యాయం చదివి వినిపిస్తున్నాను. స్టీవెన్‌సన్ నవల 'ట్రెజర్ ఐలాండ్'కి తెలుగు అనువాదం అది, నిధి కోసం ఓడెక్కి దీవికి వెళ్ళే జిమ్ హాకిన్స్ అనే కుర్రాడి కథ. ప్యూ అనే గుడ్డి సముద్రపు దొంగ కర్ర పొడుచుకుంటూ సత్రం వైపు వచ్చే ఘట్టంలో అది లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది. నా చిన్నప్పుడు నేనూ అదే పని చేశాను.

మర్నాడు పొద్దున్నే అడిగింది, "అమ్మమ్మా, ఈ కథలో అమ్మాయిలెవరూ ఓడ ఎక్కరా?" అని. నిజమే కదా, జిమ్ వాళ్ళమ్మ తప్ప చెప్పుకోదగ్గ ఆడమనిషే లేదు. దానికేదో ఒకటి చెప్పాలని వెతుకుతుంటే 1920లో ఈ నవలని మూకీ సినిమాగా తీశారనీ, అందులో జిమ్ హాకిన్స్ వేషం షిర్లీ మేసన్ అనే అమ్మాయి కట్టిందనీ కనపడింది. మనవరాలు ఎగిరి గంతేసింది. ఇప్పుడు ఆ సినిమా చూపించమని ఒకటే గొడవ. యూట్యూబ్‌లో ఎంత వెతికినా 1934 నాటిదీ, 1950 నాటి డిస్నీదీ వస్తున్నాయి. మీలో పాత సినిమాలు తెలిసిన వాళ్ళున్నారు కదా, ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. డబ్బు కట్టాలన్నా పరవాలేదు.

రీలుపెట్టె

అమ్మా, నమస్కారం. చేదు మాట ముందే చెప్పేస్తాను. ఆ సినిమా ఇప్పుడు లేదు. డబ్బు పెట్టినా దొరకదు. ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు.

మీరు వెతికింది మాత్రం మామూలు సినిమా కాదు. తీసినవాడు మారిస్ టూర్నర్. పారిస్‌లో పుట్టి అమెరికా వచ్చి సినిమాలు తీసినవాడు. పారమౌంట్ వాళ్ళు ఆర్ట్‌క్రాఫ్ట్ పేరు మీద 1920 ఏప్రిల్‌లో విడుదల చేశారు. ఆరు రీళ్ళు. స్క్రీన్‌ప్లే రాసింది జూల్స్ ఫర్త్‌మన్, అప్పట్లో స్టీఫెన్ ఫాక్స్ అనే మారుపేరుతో రాసేవాడు. ఒంటికాలి దొంగ జాన్ సిల్వర్‌గా చార్ల్స్ ఓగిల్. గుడ్డి ప్యూగా లాన్ చేనీ. అదే చేనీ తిరుగుబాటుదారు మెర్రీగా రెండో వేషం కూడా కట్టాడు.

దీనికన్నా రెండేళ్ళ ముందు, 1918లో, ఫాక్స్ కంపెనీ ఇదే కథని చిన్నపిల్లలతోనే తీసింది. అందులో జిమ్‌గా ఒక పిల్లాడు, జాన్ సిల్వర్‌గా వయొలెట్ రాడ్‌క్లిఫ్ అనే చిన్న పాప. పాపం, అదీ పోయింది. మీ మనవరాలికి చెప్పండి, అమ్మాయిలు ఆ ఓడ ఒకసారి కాదు, రెండుసార్లు ఎక్కారని.

బెజవాడ రైలు

ఒక్క కాపీ కూడా లేదంటే నమ్మబుద్ధి కావటం లేదు. పారమౌంట్ అంటే చిన్న కంపెనీ కాదు కదా. సొంత సినిమాని సొంత గోడౌన్‌లో దాచుకోలేరా?

వరంగల్ వాకిలి

ఒక్క నిమిషం. ఇది నేను చూసిన! 80ల్లో ఫిల్మ్ క్లబ్బు వాళ్ళు వేసిన్రు. బ్లాక్ అండ్ వైటే. సత్రం, ముసలి నావికుడు, తాగి పాట పాడుడు, అంతా నాకు యాదికుంది. ఆ పిల్లగాడు వెక్కి వెక్కి ఏడ్చుడు కూడా గుర్తుంది.

రీలుపెట్టె

వరంగల్ అన్నా, పాట వినపడిందా మీకు? వినపడితే అది మూకీ కాదు. మీరు చూసింది 1934లో ఎంజీఎం కోసం విక్టర్ ఫ్లెమింగ్ తీసినది అయ్యుంటుంది. జాన్ సిల్వర్‌గా వాలెస్ బీరీ, జిమ్‌గా జాకీ కూపర్. ఏడుపులో జాకీ కూపర్‌ని మించినవాడు లేడు కాబట్టి మీకు అదే గుర్తుండిపోయింది.

వరంగల్ వాకిలి

నిజమే. వాడే. పాట ఇప్పటికీ చెవుల్ల ఉంది. ఇన్నేళ్ళూ అదే మొదటి సినిమా అనుకున్న. పోరగాళ్ళకు కూడా అట్లనే చెప్పిన. ఫోన్ చేసి సరిచెయ్యాలె.

రీలుపెట్టె

బెజవాడ రైలు గారి ప్రశ్నకి కొంచెం వివరంగా రాస్తాను. ఓపిక చేసుకుని చదవండి.

మూకీల కాలంలో ఫిల్ము నైట్రో సెల్యులోజ్‌తో చేసేవాళ్ళు. దాన్నే నైట్రేట్ ఫిల్ము అంటారు. తుపాకిమందుకి దగ్గరి చుట్టం. తెర మీద ఆ వెండి నలుపూ తెలుపూ అంత అందంగా మెరిసేవి గానీ, అంటుకుంటే ఆపటం ఎవరి తరమూ కాదు. మండటానికి కావలసిన ఆక్సిజన్ తనలోంచే పుట్టించుకుంటుంది కాబట్టి నీళ్ళలో ముంచినా మండుతూనే ఉంటుంది. నిప్పు తగలకపోయినా దానంతటదే చెడిపోతుంది. ముందు బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత రీలు జిగురుగా మారి ఒకదానికొకటి అంటుకుంటుంది, పైన తేనెలాంటి బుడగలు లేస్తాయి, ఆఖరికి డబ్బాలో గోధుమరంగు పొడి మిగులుతుంది. వేడీ తేమా ఉన్నచోట ఇదంతా తొందరగా జరుగుతుంది.

ఇది ఒక కారణం. నాకు ఇంకా బాధ కలిగించేది రెండోది. ఆ రోజుల్లో సినిమా ప్రింటు ఎవరికీ అమ్మేవాళ్ళు కాదు. థియేటర్లకి అద్దెకిచ్చి, ఆట అయ్యాక వెనక్కి తెప్పించుకునేవాళ్ళు. అరిగిపోయిన ప్రింట్లని కావాలనే పాడు చేసి, కరిగించి వెండి తీసుకునేవాళ్ళు. టాకీలు వచ్చాక మూకీలకి గిరాకీ సున్నా. గోడౌన్ అద్దె దండగ, ఇన్సూరెన్సు దండగ, మంటల భయం. దాచమని అడిగిన నాథుడు లేడు.

ఇక గవర్నమెంటు సంగతి. అమెరికాలో కాపీరైట్ రిజిస్టర్ చేసేటప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి కాపీ ఇవ్వాలి. పుస్తకమైతే అక్కడే ఉండిపోయేది. సినిమాని మాత్రం, నైట్రేట్ ప్రమాదం అని, కథాసారం కాగితాలు ఉంచుకుని రీళ్ళు కంపెనీకే తిప్పి పంపేవాళ్ళు. 1912 నుంచి 1942 దాకా ఇదే పద్ధతి. ఆ ఒక్క నిర్ణయం వల్ల ఎన్ని సినిమాలు పోయాయో!

మంటలు సరేసరి. ఫాక్స్ వాళ్ళ మూకీల్లో చాలా భాగం 1937 జూలైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీ గోడౌన్‌లో ఒక్క రాత్రిలో కాలిపోయాయి.

లెక్క కూడా ఉంది. 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం డేవిడ్ పియర్స్ చేసిన అధ్యయనం ప్రకారం 1912 నుంచి 1929 దాకా అమెరికా పెద్ద కంపెనీలు, చిన్న కంపెనీలు అన్నీ కలిసి తీసిన మూకీ ఫీచర్లు 10,919. అందులో అసలు 35 ఎంఎం రూపంలో పూర్తిగా మిగిలినవి 1,575. అంటే 14 శాతం. ముక్కలుగానో, చిన్న సైజు కాపీలుగానో, విదేశీ ప్రింట్లుగానో ఉన్నవి ఇంకో 16 శాతం. మిగతా 70 శాతం పూర్తిగా పోయాయి. మన ట్రెజర్ ఐలాండ్ ఆ 70లో ఒకటి.

బెజవాడ రైలు

వెండి కోసమా? ప్రింట్లని కరిగించారా? చదువుతుంటే కడుపు రగిలిపోతోంది.

నాటకాల వీధి

ఏటిగట్టు అమ్మమ్మ గారూ, జిమ్ వేషం అమ్మాయి కట్టటం గురించి రెండు మాటలు. అది టూర్నర్‌కి అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కాదు. 1915లో న్యూయార్క్ పంచ్ అండ్ జూడీ థియేటర్‌లో ఇదే నవలని నాటకంగా వేశారు. అందులోనూ జిమ్ వేషం స్త్రీదే. పీటర్ పాన్ అక్కడి స్టేజీ మీదికి వచ్చిన 1905లో కూడా మాడ్ ఆడమ్స్ అనే నటే ఆ కుర్రాడి వేషం కట్టింది. మగపిల్లాడి గొంతు మారే వయసులో దొరకని సన్నదనం, చురుకు అమ్మాయిల్లో దొరుకుతాయని వాళ్ళ నమ్మకం.

మనవాళ్ళకి ఇది వింతేం కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా జడ ముందుకి వేసుకుని స్టేజీ మీదికి వస్తుంటే చూసినవాళ్ళు ఆ వయ్యారం ముందు ఆడవాళ్ళే చాలరనేవారు. ఆడవేషం మగవాడు కట్టినప్పుడు ఎలా ఒప్పుకున్నామో, మగవేషం ఆడపిల్ల కట్టినప్పుడూ అలాగే ఒప్పుకున్నాం. శ్రీదేవి గారు పసితనంలో తమిళంలో 1969లో 'తుణైవన్'లో బాలమురుగన్‌గా వేశారు కదా.

షిర్లీ మేసన్ అసలు పేరు లియోనీ ఫ్లుగ్రాత్. అక్కలు ఎడ్నా, వర్జీనియా కూడా నటీమణులే, వర్జీనియానే సినిమాల్లో వయొలా డేనా అయింది. ఇంటిల్లిపాదీ స్టేజీ మీద పెరిగిన పిల్లలు. జిమ్ వేషం కట్టేనాటికి షిర్లీకి ఇరవై లోపే. పొట్టిగా, సన్నగా ఉండేది. స్టిల్స్‌లో చూస్తే పెద్దవాళ్ళ మధ్య నిజంగానే పిల్లాడిలా ఉంటుంది. ఆమె 1979 దాకా బతికింది. తను కట్టిన ఆ వేషం మాత్రం తెర మీద మళ్ళీ చూసుకునే వీలు లేకపోయింది.

డాలస్ వాన

నేను ఈ థ్రెడ్ చూడగానే లాగిన్ అయ్యాను, లాన్ చేనీ పేరు కనపడింది కాబట్టి. ఇరవై ఏళ్ళుగా ఆయన సినిమాలు వెతికి వెతికి చూస్తున్నాను.

చేనీ తల్లిదండ్రులిద్దరికీ వినపడదు. ఇంట్లో మాటంటే సైగ, ముఖం, చేతులు. అందుకే మూకీలో ఆయన పలకని మాట కూడా మనకి అర్థమవుతుంది. మేకప్ పెట్టె తనే మోసుకుని తిరిగేవాడు, తన ముఖం తనే మార్చుకునేవాడు. ఆయన పేరు మోగించిన 'హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్' 1923లో, 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' 1925లో వచ్చాయి. వాటికన్నా ముందు ఆయన పైకొస్తున్న రోజులవి, 1919, 1920. టూర్నర్‌తో అప్పటికే కాన్రాడ్ నవల 'విక్టరీ'లో నటించాడు. అది అదృష్టవశాత్తూ ఉంది, చూడండి. అందులో కత్తి పట్టుకుని పిల్లిలా నడిచే రికార్డోని చూస్తే, అదే దర్శకుడు అదే నటుడి చేతికి గుడ్డి ప్యూ కర్ర ఇస్తే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఊహించుకోవటమే మిగిలింది.

ఇంకో సంగతి. నవలలో ప్యూ మొదట్లోనే గుర్రాల డెక్కల కింద పడి చచ్చిపోతాడు. మెర్రీ చివరిదాకా ఉంటాడు, ఖాళీ గొయ్యి దగ్గర సిల్వర్ చేతిలో చస్తాడు. అంటే ఒక్క నటుడు కథ మొదట్లో ఒక భయం, చివర్లో ఇంకో భయం. ఎవరూ గుర్తుపట్టకుండా రెండు ముఖాలు. అది చూడలేకపోవటం నాకు నిజంగా సొంత నష్టంలా ఉంటుంది.

హేతువు

అందరికీ కోపం రావచ్చు, అయినా నా మనసులో మాట చెప్తాను. నవల ఉంది. చక్కటి తెలుగు అనువాదం ఉంది. తర్వాత వచ్చిన సినిమాలు అరడజను పైనే ఉన్నాయి. చేనీ గొప్ప సినిమాలు వేరే ఉన్నాయి. టూర్నర్‌వీ ఉన్నాయి. పిల్లల సాహసకథ ఒకటి పోతే అంత గుండెలు బాదుకోవాలా? మన దగ్గర తాళపత్రాలు చెదలు తింటున్నాయి. ఆ బాధ ముందు ఇదెంత?

ఏటిగట్టు అమ్మమ్మ

హేతువు గారూ, కోపం లేదు. మీరన్నది మా ఆయన కూడా అన్నారు. కానీ ఒక తల్లికి ఆరుగురు పిల్లలున్నారని ఏడో బిడ్డ పోతే ఏడవకూడదా?

తాళపత్రాల మాట మీరెత్తారు కాబట్టి చెప్తున్నాను. మా పుట్టింట్లో అటక మీద ఒక మూట ఉండేది. మా తాతగారు పోయాక దాని వంక చూసినవాళ్ళు లేరు. ఒక వానాకాలం పైకప్పు కారి అంతా ముద్దయిపోయింది. అందులో ఏముందో చదవగలిగినవాళ్ళు అప్పటికి ఇంట్లో లేరు. ఏం పోయిందో కూడా తెలియకుండా పోయింది. ఈ సినిమా అలా కాదు కదా, ఏం పోయిందో మనకి తెలుసు. అందుకే నాకు దీని గురించి మాట్లాడాలనిపిస్తోంది.

రీలుపెట్టె

హేతువు గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది.

నవలలో ఉన్నది స్టీవెన్‌సన్ కన్ను. ఈ సినిమాలో ఉన్నది టూర్నర్ కన్ను. టూర్నర్ సినిమాల్లోకి రాకముందు బొమ్మలు వేసినవాడు. ఆయన షాట్ ఎలా పెట్టేవాడంటే, కెమెరా చీకట్లో, గుహలోపలో గుమ్మం వెనకాలో ఉంటుంది. ముందంతా నల్లటి అంచు. ఆ అంచు మధ్యలోంచి దూరంగా వెలుగు, ఆ వెలుగులో మనుషులు చిన్న నీడల్లా కదులుతుంటారు. అదే సంవత్సరం వచ్చిన 'లాస్ట్ ఆఫ్ ది మోహికన్స్'లో ఆ గుహ షాట్లు చూడండి. మధ్యలో ఆయనకి దెబ్బ తగిలితే శిష్యుడు క్లారెన్స్ బ్రౌన్ చాలా భాగం తీశాడు, అయినా గురువు కన్ను అందులో తెలిసిపోతుంది. అలాంటివాడికి కాంచన ద్వీపం దొరికింది. ఆపిల్ పీపాలో దాక్కుని కుట్ర వింటున్న జిమ్, గుహలో, దీవి మీద ఒంటరిగా మిగిలిపోయిన బెన్ గన్, మంచు కమ్మిన రోడ్డు మీద గుడ్డివాడు. ఈ దృశ్యాలన్నీ చీకట్లోంచి వెలుగుని చూడటమే కదా. ఇవి టూర్నర్ కోసమే రాసినట్టుంటాయి. 1934 సినిమా బాగుంటుంది, నేను కాదనను, కానీ ఆ కన్ను అందులో లేదు.

హేతువు

బాగా చెప్పారు. మోహికన్స్ ఈ రాత్రికే చూస్తాను. ఆపిల్ పీపా మాట చదివాక నాకూ చూడాలనిపించింది.

డాలస్ వాన

అమ్మమ్మ గారి మాట చదివాక ఒకటి గుర్తొచ్చింది. అసలు ఈ కథే పోయిన వస్తువుతో మొదలైంది.

1881 వేసవి, స్కాట్లండ్‌లోని బ్రేమార్. బయట వాన. స్టీవెన్‌సన్ సవతి కొడుకు లాయిడ్‌తో కలిసి రంగులు వేస్తూ ఒక దీవి మ్యాప్ గీశాడు. ఆ మ్యాప్ చూస్తుంటే దొంగలూ కత్తులూ కళ్ళముందుకొచ్చి కథ మొదలుపెట్టాడు. 'యంగ్ ఫోక్స్' అనే పిల్లల పత్రికలో కెప్టెన్ జార్జ్ నార్త్ అనే పేరుతో సీరియల్‌గా వచ్చింది. 1883లో పుస్తకం వేసేటప్పుడు ఆ మ్యాప్‌ని పబ్లిషర్‌కి పంపితే అది చేరనే లేదు. పోయింది. అప్పుడాయన తను రాసిన నవలనే మళ్ళీ వరసగా చదువుకుంటూ, ఏ గుట్ట ఎక్కడుందో, ఏ లంగరు తావు ఎటుందో ఏరుకుని, కథకి సరిపోయేలా కొత్త మ్యాప్ తయారు చేసుకోవాల్సి వచ్చింది. తండ్రి ఆఫీసులో గీయించారు, ఓడలూ తిమింగలాలూ కూడా వేశారు. మనం ఇన్నాళ్ళూ పుస్తకం ముందు చూస్తున్నది ఆ రెండోది. ఆయనకి మాత్రం అది తన దీవిలా అనిపించలేదని తర్వాత రాసుకున్నాడు.

ముందు మ్యాప్ నుంచి కథ పుట్టింది, తర్వాత కథ నుంచి మ్యాప్ పుట్టింది. మనం కూడా అలాంటిదేదైనా చేయలేమా అని నా ఆలోచన.

బెజవాడ రైలు

అంటే స్టిల్స్‌ని వరసలో పెట్టటమా?

డాలస్ వాన

అదే. చేనీదే 1927 నాటి 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' ఉంది. ఆఖరి ప్రింటు 1965లో ఎంజీఎం గోడౌన్ మంటల్లో పోయింది. 2002లో టీసీఎం ఛానెల్ కోసం రిక్ ష్మిడ్లిన్ స్టిల్ ఫొటోలు వరసగా పేర్చి, టైటిల్ కార్డులు పెట్టి నలభై అయిదు నిమిషాల పైన బొమ్మలా చేశాడు. సినిమా కాదు, ఒప్పుకుంటాను. కానీ చూశాక నా కలలోకి వచ్చింది.

మన సినిమాకి స్టిల్స్ ఉన్నాయి. అప్పటి సినిమా పత్రికలు మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా ఉన్నాయి, 1920 సంచికలు తిరగేస్తే ప్రకటనలు, ఫొటోలు, సమీక్షలు దొరుకుతాయి. 1920 నాటిది కాబట్టి అమెరికాలో కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

వరంగల్ వాకిలి

మన దగ్గర పోయినవాటి ముచ్చట కూడా ఎవరన్న చెప్పాలె. రఘుపతి వెంకయ్య గారి కొడుకు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ లేదు. మొదటి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి గారి 1932 నాటి 'భక్త ప్రహ్లాద' కూడా లేదు. మొదటి అడుగులే లేకుండ పోయినయి. తెలుగోళ్ళం మనమే చూసుకోకపోతే అమెరికోళ్ళను ఏమంటం?

నాటకాల వీధి

వాకిలి గారూ, మీ మాటకి తోడుగా ఒకటి చెప్తాను. ఇది నవలకి సంబంధించినదే. మలయాళంలో సి.వి. రామన్ పిళ్ళై రాసిన చారిత్రక నవల 'మార్తాండవర్మ' 1891లో వచ్చింది. కత్తియుద్ధాలు, మారువేషాలు, రాజకుమారుడి పరుగులు, అచ్చం సాహసకథ. 1933లో పి.వి. రావు దర్శకత్వంలో దాన్ని మూకీగా తీశారు. నవల హక్కులున్న పబ్లిషర్లు కోర్టుకెళ్ళారు. కోర్టు ప్రింటుని జప్తు చేసింది, అది పబ్లిషర్ల చేతికి వెళ్ళింది. నిర్మాత నిండా మునిగిపోయాడు.

కానీ చూడండి, అలా పుస్తకాల కొట్టువాళ్ళ దగ్గర పడి ఉన్న ఆ ప్రింటునే 1974లో పూణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు తెచ్చుకున్నారు. ఊరూరా ఆడి అరిగిపోయిన దక్షిణాది మూకీలు దాదాపు అన్నీ పోయాయి, ఆడకుండా ఆగిపోయినది మిగిలింది. నేను అది చూశాను. నీళ్ళు నిండిన కళ్ళతో చూశాను.

రీలుపెట్టె

చాలా సినిమాలు బతికి బయటపడింది ఇలాంటి దారుల్లోనే. కెనడా యూకాన్‌లో డాసన్ అనే ఊరుంది. సినిమా ప్రింటు తిరిగి తిరిగి ఆఖరుకి చేరే ఊరు. వెనక్కి పంపటానికి అయ్యే ఖర్చు ప్రింటు విలువకన్నా ఎక్కువని కంపెనీలు వదిలేసేవి. 1929లో అక్కడి పాత ఈతకొలను పూడ్చటానికి ఆ రీళ్ళు వేశారు. 1978లో తవ్వితే 533 రీళ్ళు బయటపడ్డాయి. గడ్డకట్టిన నేల వాటిని కాపాడింది. 2010లో న్యూజిలాండ్ ఆర్కైవ్‌లో జాన్ ఫోర్డ్ 'అప్‌స్ట్రీమ్' దొరికినట్టు ప్రకటించారు. అదీ అంతే, దారికి ఆఖరి ఊరు. అదే ఏడాది రష్యా వాళ్ళ ఫిల్మ్ ఆర్కైవ్ గోస్‌ఫిల్మోఫోండ్ పది అమెరికా మూకీల కాపీలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చింది.

మన జాన్ సిల్వర్ చార్ల్స్ ఓగిల్ సంగతే తీసుకోండి. ఆయన 1910లో ఎడిసన్ కంపెనీ తీసిన 'ఫ్రాంకెన్‌స్టైన్'లో మొట్టమొదటి భూతం వేషం కట్టాడు. దశాబ్దాల పాటు అదీ పోయిందనే అనుకున్నారు. తీరా చూస్తే విస్కాన్సిన్‌లో ఒక కలెక్టర్ దగ్గర ఉంది. నవలలో గొయ్యి తవ్వితే ఖాళీగా ఉంటుంది గుర్తుందా? నిధి పోలేదు, బెన్ గన్ తన గుహకి మోసుకుపోయాడు. నేను ఆశ వదులుకోకపోవటానికి కారణం ఇలాంటి బెన్ గన్‌లే.

గుంటూరు అటక

ఇన్నాళ్ళూ చదవటమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా తాతగారు టూరింగ్ టాకీస్ నడిపారు. మా పాత ఇంటి అటక మీద రేకు డబ్బాలు నాలుగు ఉన్నాయి. మూతలు తుప్పు పట్టాయి. ఎవరూ తెరవలేదు. ఇది చదువుతుంటే టెన్షన్ మొదలైంది. పిల్లలు తిరిగే ఇల్లు. ఏం చెయ్యాలి?

రీలుపెట్టె

కంగారు పడకండి, కానీ ఇవి తప్పకుండా చెయ్యండి. డబ్బా దగ్గర అగరొత్తి, సిగరెట్, దీపం ఏదీ వద్దు. ఎండలో పెట్టొద్దు. మూత బిగుసుకుపోతే సుత్తితో కొట్టొద్దు. తేలిగ్గా వస్తే, కిటికీలు తెరిచిన గదిలో, పగటి వెలుతురులో తీసి వాసన చూడండి. ముక్కు మరీ దగ్గరికి పెట్టొద్దు. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్, అంటే సేఫ్టీ ఫిల్ము, మంటల భయం లేదు. ఫిల్ము అంచు మీద చిల్లుల పక్కన ఇంగ్లీషులో 'సేఫ్టీ' అని అచ్చు ఉంటుంది, వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. 'నైట్రేట్' అని ఉన్నా, ఏమీ లేకపోయినా, జిగురుగా ఉన్నా వెంటనే మూత పెట్టి పూణే ఆర్కైవ్ వాళ్ళకి రాయండి. కొరియర్‌లో మాత్రం పంపొద్దు. 1950ల మొదట్లో నైట్రేట్ తయారీ ఆగిపోయింది, కాబట్టి మీ తాతగారు ఏ కాలంలో నడిపారో కనుక్కోండి.

పూణేలో కూడా 2003లో మంటలు లేచి పాత నైట్రేట్ రీళ్ళు ఎన్నో పోయాయి. అంత జాగ్రత్తపడేవాళ్ళ దగ్గరే జరిగింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

గుంటూరు అటక

తెరిచాను. మా అబ్బాయి ఫోటోలు తీశాడు. నాలుగు డబ్బాల్లోనూ వెనిగర్ వాసన గుప్పుమంది. అంచు మీద సేఫ్టీ అని ఉంది. ఒక దాంట్లో రీలు ముడుచుకుపోయి చక్రంలా లేదు, అలల్లా అయిపోయింది. ఇంకో దాంట్లో వెలుతురుకి పట్టి చూస్తే ఒక ఎద్దులబండి, ఒక తిరునాళ్ళు లాంటిది కనపడ్డాయి. ఏ సినిమానో తెలియదు. మా తాతగారు చేత్తో పట్టుకున్నవే కదా అని చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. పూణేకి ఉత్తరం రాశాను.

రీలుపెట్టె

చాలా మంచి పని చేశారు. అసిటేట్‌కి వచ్చే ఆ జబ్బుని వెనిగర్ సిండ్రోమ్ అంటారు, ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి అంటుకుంటుంది. ఆ అలల్లా అయినదాన్ని మిగతా మూడింటికి దూరంగా పెట్టండి. మూతలు గట్టిగా బిగించకండి, కాస్త గాలి ఆడాలి. చల్లటి చోటు, కింద గచ్చు మీద కాకుండా చెక్కబల్ల మీద.

డాలస్ వాన

పత్రికల్లోంచి పదకొండు స్టిల్స్ ఏరాను. నవలలో ఏ అధ్యాయానికి ఏది సరిపోతుందో రాసి ఫోల్డర్ పెట్టాను. మూడింటి దగ్గర నాకే అనుమానం ఉంది, అవి పక్కన పెట్టాను, ఊహించి ఇరికించలేదు. ప్యూది చూడండి. కనుగుడ్లు పైకి తిరిగి ఉన్నాయి. చెయ్యి జిమ్ మణికట్టు మీద.

ఏటిగట్టు అమ్మమ్మ

నిన్న రాత్రి ఆ ఫోల్డర్ తెరిచాం. ట్యాబ్ మీద బొమ్మ, నా ఒళ్ళో పుస్తకం. ప్యూ వచ్చే అధ్యాయం మళ్ళీ మొదటినుంచీ చదివించింది. ఈసారి గడియ పెట్టలేదు. ప్యూ మాటలు నన్ను చదవమని, జిమ్ మాటలు తను చదివింది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. తలకి మా ఆయన తువ్వాలు చుట్టుకుంది. ప్యూ చెయ్యి పట్టుకునే చోట నేను దాని మణికట్టు పట్టుకున్నాను. ట్యాబ్ మీద షిర్లీ మేసన్ ఎలా చూస్తోందో చూసి, తనూ అలాగే కళ్ళు పెద్దవి చేసింది.

ఆ స్టిల్‌ని మెయిన్ రోడ్డులో స్టూడియో అతనితో ప్రింటు తీయించి పుస్తకంలో పెట్టాను. నా తర్వాత పుస్తకం తెరిచినవాళ్ళకి అది ఆ పేజీలోనే దొరుకుతుంది. మెర్రీది ఏదైనా దొరికితే పెట్టండి డాలస్ బాబూ, ఇరవై ఎనిమిదో అధ్యాయంలోకి వచ్చేశాం, సెలవులు ఇంకా పది రోజులే ఉన్నాయి.